మీసాల అమ్మ - గిజుభాయి

హాస్టల్లో కొత్తగా చేరిన మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలకు మొదటి వారం రోజులు ఎలా గడుస్తాయో మనలో తెలియనివారు లేరు. పగలు బడితోనూ ఆటలతోనూ ఎలాగో గడిచిపోతుంది. రాత్రి భోజనాలయ్యాక, పళ్లేలు కడుక్కొని, చాపలు పరుచుకొని, లైట్లు ఆర్పేసిన తర్వాత అసలు బాధ మొదలవుతుంది. ఇంటి దగ్గరైతే ఆ వేళకు నాయనమ్మో అమ్మమ్మో పక్కన ఉంటుంది. అనగనగా అని ఏదో ఒకటి చెబుతుంది. అది వింటూ వింటూనే నిద్ర పడుతుంది. ఇక్కడ ఆ గొంతు ఉండదు. గదిలో ఒక మూల నుంచి దుప్పట్లో మూలుగు వినిపిస్తుంది. పెద్ద క్లాసు అన్న ఎవరో ఊరుకోమంటాడు. అంతే.

ఆ వేళ పిల్లవాడికి ఏం కావాలో బాగా తెలిసిన మనిషి ఒకరు మన దేశంలో ఉండేవారు. ఆయన పేరు గిజుభాయి బధేకా. ఆయనా మొదట ఒక విద్యార్థి హాస్టల్లో పనిచేసినవారే. గుజరాత్ పిల్లలు ఆయనను ముద్దుగా మీసాల అమ్మ అని పిలుచుకున్నారు. గుబురు మీసాల మనిషికి అమ్మ అనే పేరు ఎలా వచ్చిందో, ఆయన కథలు ఎక్కడ వెతికారో, ఎలా చెప్పారో మన హాస్టల్ మిత్రులకు తెలియజేయాలనే ఈ చిన్న వ్యాసం.

బాల్యం, బతుకుదెరువు

గిజుభాయి అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. 1885 నవంబర్ 15న సౌరాష్ట్ర ప్రాంతంలోని చిత్తల్ గ్రామంలో పుట్టారు. భావ్‌నగర్‌లోని శామల్‌దాస్ కళాశాలలో చేరారు. గాంధీజీ కూడా లండన్ వెళ్లకముందు కొంతకాలం చదివిన కళాశాల అది. గిజుభాయి చదువు అక్కడ పూర్తి కాలేదు. సంపాదన కోసం 1907లో ఓడ ఎక్కి తూర్పు ఆఫ్రికా వెళ్లారు. రెండేళ్ల తర్వాత తిరిగి వచ్చి, బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి, వఢ్వాణ్ పట్టణంలో వకీలుగా స్థిరపడ్డారు. ప్రాక్టీసు బాగానే సాగింది. అదే దారిలో వెళ్లి ఉంటే కాస్త పేరున్న వకీలుగా మిగిలేవారు. ఈ రోజు మనం ఆయన గురించి చెప్పుకునే పని ఉండేది కాదు.

1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. పేరు నరేంద్ర. ఆ పసివాడిని చూస్తున్నకొద్దీ తండ్రి మనసులో ఒక ప్రశ్న మొదలైంది. వీణ్ని ఏ బడికి పంపాలి? ఆ రోజుల్లో బడి అంటే బెత్తం. పాఠం అంటే వల్లెవేయడం. పిల్లవాడు నోరు మూసుకొని చేతులు కట్టుకొని కూర్చుంటే బుద్ధిమంతుడు. అలాంటి బడికి కొడుకును పంపడానికి ఆయనకు మనసు రాలేదు. మంచి బడి ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు. ఖేడా జిల్లా వసో గ్రామంలో మోతీభాయి అమీన్ అనే విద్యావేత్త కొత్త పద్ధతిలో పిల్లల బడి నడుపుతున్నారని విని అక్కడికి వెళ్లారు. ఇటలీ దేశపు డాక్టరు మరియా మాంటిస్సోరీ ఆలోచనలు ఆయనకు పరిచయమైంది అప్పుడే. పిల్లవాడికీ ఒక మనసుంటుందని, వాడిని కొట్టకుండా, భయపెట్టకుండా, స్వేచ్ఛగా వదిలితే తనంతట తానే నేర్చుకుంటాడని ఆ పుస్తకాల్లో చదివి ఆయన ఎంతో కదిలిపోయారు.

హాస్టల్ నుంచి బాలమందిరానికి

భావ్‌నగర్‌లో నానాభాయి భట్ మొదలైన మిత్రులు 1910లో దక్షిణామూర్తి విద్యార్థి భవన్ అనే సంస్థను స్థాపించారు. అది మొదలైంది బడిగా కాదు, ఊళ్ల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు వసతి గృహంగా. అంటే మన హాస్టల్ లాంటిదే. 1916లో గిజుభాయి వకీలు వృత్తి వదిలేసి ఆ సంస్థలో చేరారు. నాలుగు డబ్బులు వచ్చే పని వదులుకొని, హాస్టల్ పిల్లల బాగోగులు చూసే పనికి రావడం ఆ రోజుల్లోనే కాదు, ఏ రోజుల్లోనైనా చిన్న విషయం కాదు.

మొదట హాస్టల్ నిర్వహణలో సహాయకుడిగా, ఆ తర్వాత అక్కడి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా ఆయన పనిచేశారు. పెద్ద తరగతుల పిల్లలతో కొన్నేళ్లు గడిపాక ఆయనకు ఒక సంగతి అర్థమైంది. భయం, బిడియం, చదువంటే విసుగు వీళ్లకు ఇక్కడ అంటినవి కావు. చిన్నప్పుడే అంటుకొని వచ్చాయి. మొక్కగా ఉన్నప్పుడు వంచి, మానయ్యాక నిటారుగా నిలబడలేదేమని అడిగితే లాభం లేదు. మొదలుపెట్టవలసింది పసిపిల్లల దగ్గర. ఆ ఆలోచనతోనే 1920లో రెండున్నర ఏళ్ల నుంచి ఆరేళ్ల వయసు పిల్లల కోసం బాలమందిరం స్థాపించారు. 1922లో తఖ్తేశ్వర్ ఆలయం దగ్గర గుట్ట మీద దాని భవనాన్ని కస్తూరిబా గాంధీ ప్రారంభించారు.

ఆ బడిలో బెత్తం లేదు. పరీక్షలు లేవు. పాటలు, ఆటలు, తోటపని, బొమ్మలు, నాటకాలు ఉన్నాయి. వాటన్నిటి మధ్య కథ ఉంది. మాంటిస్సోరీని గిజుభాయి గురువుగా భావించినా, ఆమె చెప్పినదంతా కళ్లు మూసుకొని పాటించలేదు. ఊహాలోకపు కథలు పసిపిల్లలకు అంత మంచివి కావన్నది మాంటిస్సోరీ అభిప్రాయం. గిజుభాయి అందుకు ఒప్పుకోలేదు. మన దేశంలో పిల్లవాడు పుట్టిన దగ్గర నుంచీ కథలోనే పెరుగుతాడని, ఆ కథను బడి గుమ్మం బయట వదిలి రమ్మంటే వాడిలో సగాన్ని బయట వదిలి రమ్మన్నట్టేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయన జీవితమంతా నడిపించింది.

కథలు ఎక్కడ దొరికాయి?

సరే, కథలు చెప్పాలి. ఏ కథలు? రోజూ చెప్పాలంటే ఎన్ని కావాలి? ఆ కాలానికి గుజరాతీలో పసిపిల్లల కోసం రాసిన పుస్తకాలు చాలా తక్కువ. ఉన్నవాటిలోనూ చాలావరకు నీతి బోధించేవే. కథ కన్నా నీతి ముందు నడిచేవి.

అందుకని ఆయన పుస్తకాల బీరువా వదిలి జనం నోటి వైపు తిరిగారు. సౌరాష్ట్ర పల్లెల్లో ముసలమ్మలు మనవలకు చెప్పే కథలు, రచ్చబండల దగ్గర నలుగురూ చెప్పుకొని నవ్వుకునే కథలు, పశువుల కాపర్లు, రైతులు, వృత్తి పనివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథలు - వీటిని పిల్లల బడిలోకి తెచ్చారు. వాటిని బాలవార్తలు అనే పేరుతో పుస్తకాలుగా అచ్చు వేయించారు. గుజరాతీలో వార్త అంటే కథ అని అర్థం. అదే కాలంలో అదే సౌరాష్ట్రలో ఝవేర్‌చంద్ మేఘాణీ ఊరూరా తిరిగి జానపద గేయాలు, గాథలు సేకరించారు. గుజరాతీ సాహిత్యంలో గొప్ప గౌరవంగా భావించే రంజిత్‌రామ్ సువర్ణ పతకం 1928లో మొదటిసారి మేఘాణీకి, మరుసటి ఏడాది 1929లో గిజుభాయికి లభించింది. చదువు రాని పల్లెజనం నోటి కథలకు ఒక సాహిత్య పతకం దక్కడం ఎంత పెద్ద విషయమో మనం ఆలోచించాలి.

ఆయన అచ్చు వేసిన కథల్లో మూడింటిని ఇక్కడ క్లుప్తంగా చెబుతాను.

మొదటిది కాకి కథ. ఒక కాకి ఏదో తప్పు చేసిందని రాజుగారికి కోపం వచ్చింది. బురదలో పడేయమన్నాడు. కాకి బురదలో పడి, జారుడాట నేర్చుకుంటున్నానోచ్ అని సంతోషంగా పాడింది. బావిలో వేయమన్నాడు. ఈత నేర్చుకుంటున్నానని పాడింది. ముళ్ల కంప మీద వేయమన్నాడు. చెవులు కుట్టించుకుంటున్నానని పాడింది. ఎక్కడ వేసినా అది ఏడవదు. చివరికి రాజుకే విసుగొచ్చి వదిలేశాడు. కాకిని మన ఊళ్లలో ఎవరు గౌరవిస్తారు? ఆ కాకి ముందు రాజు ఓడిపోయాడు. ఈ కథ విన్న పిల్లవాడికి ధైర్యంగా ఉండు అని వేరే చెప్పవలసిన పని లేదు.

రెండోది వంకాయల కథ. ఒకాయన పరాయి తోటలో వంకాయలు కోయాలనుకున్నాడు. దొంగతనం అని పేరు రాకూడదు. అందుకని తోటనే అడిగాడు, రెండు నాలుగు కాయలు కోసుకోనా అని. తోట గొంతుతో తానే జవాబు చెప్పుకున్నాడు, పది పన్నెండు కోసుకోమని. ఇలా రోజూ సాగింది. ఒకరోజు తోట యజమాని పట్టుకున్నాడు. ఆయన తక్కువవాడా? దొంగను బావి దగ్గరకు తీసుకువెళ్లి, వీడికి రెండు మూడు మునకలు వేయించనా అని బావిని అడిగాడు. బావి గొంతుతో తానే జవాబు చెప్పుకొని, అడిగినదానికన్నా ఎక్కువే ముంచి తీశాడు. తమ మీద తామే విచారణ జరుపుకొని తామే తీర్పు చెప్పుకునే పెద్దమనుషులు మన చుట్టూ ఎంతమంది లేరు!

మూడోది చేట చెవుల రాజు కథ. రాజుగారి చెవులు చేటల్లా పెరిగిపోయాయి. తలపాగా కింద దాచుకున్నాడు. ఆ సంగతి క్షురకుడికి ఒక్కడికే తెలుసు. ఎవరికైనా చెబితే తల తీస్తానన్నాడు రాజు. కడుపులో దాచుకోలేక అతను ఒక చెట్టుకు చెప్పాడు. ఆ చెట్టును కొట్టి వాయిద్యాలు చేశారు. కచేరీలో ఆ వాయిద్యాలే రాజుగారి రహస్యం బయటపెట్టాయి. మన దగ్గర ఇదే కథ గాడిద చెవుల రాజు అని చెప్పుకుంటారు. ఎక్కడ సౌరాష్ట్ర, ఎక్కడ మన ఊరు! పల్లెజనం కథలకు సరిహద్దులు లేవనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కథ ఎలా చెప్పాలి?

గిజుభాయి కథలు సేకరించి ఊరుకోలేదు. ఏ కథ ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి అనే విషయం మీద 1925లో ఒక పూర్తి పుస్తకమే రాశారు. దాని పేరు వార్తాను శాస్త్ర, అంటే కథాశాస్త్రం. కథ చెప్పడం ముసలమ్మల కాలక్షేపం అనుకునే రోజుల్లో దానికీ ఒక శాస్త్రం ఉందని చూపించారు.

ఆయన చెప్పిన వాటిలో ముఖ్యమైనది - కథ ఆనందం కోసం. చెప్పేవాడికి ఆ కథ ముందు తనకు నచ్చాలి. తనకే రుచించని వంట ఇంకొకరికి ఎలా వడ్డిస్తాడు? కథను పూర్తిగా తనలో ఇంకించుకొని, పుస్తకం చూడకుండా, పిల్లల కళ్లలోకి చూస్తూ చెప్పాలి. మరీ చిన్నపిల్లలకు జంతువుల కథలు, ఒకే మాట మళ్లీ మళ్లీ వచ్చే కథలు ఇష్టం. మన ఏడు చేపల కథ అలాంటిదే. ఆ మాట వచ్చినప్పుడల్లా పిల్లలు తామే గొంతు కలుపుతారు. కాస్త పెద్దయ్యాక రాజులు, రాకుమారులు, అద్భుతాల కథలు కావాలి. ఇంకా పెద్దయితే సాహసాలు, నిజంగా జరిగిన చరిత్రలు కావాలి. కథ అయిపోగానే దీనివల్ల తెలిసిన నీతి ఏమిటి అని పిల్లవాణ్ని నిలబెట్టి అడగడం ఆయనకు నచ్చదు. నీతి కథలోనే ఉంటే అది తనంతట తానే లోపలికి వెళుతుంది. లేకపోతే పైనుంచి ఎంత పూసినా అంటదు.

పగటికల

1931లో వచ్చిన దివాస్వప్న ఆయన పుస్తకాల్లో అన్నింటికన్నా ప్రసిద్ధమైనది. తెలుగులో పగటికల పేరుతో వచ్చింది. లక్ష్మీరామ్ అనే ఉపాధ్యాయుడు తన అనుభవాలను తానే చెబుతున్నట్టుగా రాసిన కల్పిత గాథ అది. విద్యాధికారిని బతిమాలి, నాలుగో తరగతి పిల్లలతో ఒక ఏడాది తన పద్ధతిలో పాఠాలు చెప్పడానికి అనుమతి తెచ్చుకుంటాడతను.

మొదటి రోజు అతనికి ఘోర పరాజయం. పిల్లలను నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడిద్దామనుకుంటే వాళ్లు అరుపులు, చప్పట్లతో గది ఎగరగొట్టేస్తారు. తోటి ఉపాధ్యాయులు నవ్వుతారు. రెండో రోజు అతను ఏ ఉపదేశమూ లేకుండా కథ మొదలుపెడతాడు. అంతే, గది మొత్తం నిశ్శబ్దం. గంట కొట్టినా పిల్లలు లేవరు. అలా కథ రోజుల తరబడి సాగుతుంది. ఆ కథను ఆపి హాజరు తీసుకుంటాడు. కథ కోసం పిల్లలు క్రమశిక్షణగా కూర్చుంటారు. తర్వాత పాఠ్యపుస్తకాలకు పెట్టే డబ్బుతో కథల పుస్తకాలు కొని తరగతిలోనే చిన్న గ్రంథాలయం పెడతాడు. కథలు వినడం నుంచి చదవడం, చదవడం నుంచి నాటకం ఆడటం, దాని నుంచి భాష, చరిత్ర - ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏడాది చివర నవ్వినవారే ఆశ్చర్యపోతారు.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. గిజుభాయి తన కథానాయకుణ్ని మొదటి రోజే గెలిపించలేదు. ఓడించి, తర్వాత నేర్పించారు. పిల్లల మధ్య నిజంగా పనిచేసినవారు మాత్రమే అలా రాయగలరు.

వెలిగించిన దీపాలు

బాలమందిరంలో పనిచేసే ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడానికి ఆయన అధ్యాపన మందిరం నడిపారు. చిన్నవీ పెద్దవీ కలిపి వందకు పైగా పుస్తకాలు రాశారు. తారాబాయి మోదక్ అనే విద్యావంతురాలు భావ్‌నగర్ వచ్చి కొన్నేళ్లు ఆయనతో కలిసి పనిచేశారు. తర్వాత ఆమె మహారాష్ట్రలోని బోర్డీ, కోస్‌బాడ్ గ్రామాల్లో అనుతాయి వాఘ్‌తో కలిసి ఆదివాసీ పిల్లల కోసం బడులు పెట్టారు. బడికి రాలేని పిల్లల దగ్గరకు బడినే తీసుకువెళ్లారు. వాళ్ల ఇళ్ల ముంగిట్లోనే నడిపారు. మన ఊళ్లలో మన చెల్లెళ్లు, తమ్ముళ్లు వెళ్లే అంగన్‌వాడీల ఆలోచనకు మూలం ఆ ముంగిలి బడులే. భావ్‌నగర్ గుట్ట మీద వెలిగిన దీపం అలా మన వాడల దాకా వచ్చింది.

1936లో గిజుభాయి దక్షిణామూర్తి సంస్థ నుంచి బయటకు వచ్చారు. తర్వాత రాజ్‌కోట్‌లో ఉపాధ్యాయ శిక్షణ పని చేపట్టారు. కానీ ఎడతెరిపి లేని శ్రమతో అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. 1939 జూన్ 23న బొంబాయిలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు మాత్రమే.

మన మాట

గిజుభాయి జీవితం చదువుతుంటే నాకు నా హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. మా నాయనమ్మకు సంతకం రాదు. వరి కోతలకు వెళ్లి వచ్చి, నడుము నొప్పితో పడుకొని కూడా రాత్రి రెండు కథలు చెప్పేది. నేను హాస్టల్లో చేరి అక్షరాలు నేర్చుకున్నాక ఆ కథలు ఎక్కడైనా ఉన్నాయా అని పుస్తకాల్లో వెతికాను. కనబడలేదు. పుస్తకంలో లేవు గనుక అవి కథలే కావనుకున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆమె మొదలుపెడితే, పాత కథలెందుకులే అని అటు తిరిగి పడుకున్నాను. ఇప్పుడు నేను ఉపాధ్యాయుణ్ని. నా తరగతి పిల్లలకు చెప్పడానికి ఆ కథలు కావాలి. ఆమె లేదు. నాలుగు కథల మొదళ్లు గుర్తున్నాయి, చివరలు లేవు.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. ఈ దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం వెంట తీసుకువెళ్లండి. మీ అవ్వనో, తాతనో, మేనత్తనో కథ చెప్పమని అడగండి. మధ్యలో ఆపకండి. ముందు మొత్తం వినండి, తర్వాత రాయండి. వాళ్ల యాసలోనే, వాళ్ల మాటల్లోనే రాయండి. పుస్తక భాషలోకి మార్చకండి. చివర చెప్పినవారి పేరు, ఊరి పేరు తప్పకుండా రాయండి. సెల్‌ఫోన్ ఉంటే గొంతు కూడా రికార్డు చేసి ఉంచండి. ఒక హెచ్చరిక కూడా. పాత కథలన్నీ బంగారం కాదు. ఒక కులాన్ని, ఒక పనిని, ఆడవాళ్లను ఎగతాళి చేసే కథలూ వాటిలో ఉన్నాయి. అలాంటివి విన్నా, చిన్నపిల్లలకు చెప్పవలసిన పని లేదు. ఏది అందించాలో, ఏది ఆపాలో ఎంచుకునే తెలివి మనకు చదువే ఇచ్చింది.

సెలవులు అయ్యి తిరిగి వచ్చాక, రాత్రి లైట్లు ఆర్పే ముందు, ఆ చిన్నపిల్లల గదిలోకి వెళ్లండి. ఒక్కొక్కరు ఒక్కొక్క రోజు ఒక కథ చెప్పండి. 50 మంది పిల్లలు రెండేసి కథలు తెచ్చుకుంటే 100 కథలు అవుతాయి. వచ్చే వార్షికోత్సవ సంచికలో వాటిలో మంచివి అచ్చు వేసుకోవచ్చు. మన అవ్వల పేర్లు అచ్చులో చూసుకోవచ్చు.

గిజుభాయి ఏ పెద్ద పదవీ చేపట్టలేదు. వకీలు కోటు విప్పేసి పిల్లల మధ్య కింద కూర్చున్నారు. అందుకే మీసాలున్న మనిషికి అమ్మ అనే పేరు వచ్చింది. మన హాస్టల్లో దుప్పటి కింద మూలిగే పిల్లవాడి పక్కన కూర్చొని అనగనగా అని మొదలుపెట్టే అన్నలకు, అక్కలకు కూడా ఆ పేరులో భాగం ఉంటుంది.

- పూర్వ విద్యార్థి, ఉపాధ్యాయుడు